టైటాన్ 2: రోజంతా అంకెలూ అక్షరాలూ కలిపి రాసేవాళ్ల ఫోన్

కీబోర్డు ఉన్న స్మార్ట్‌ఫోన్ ఈ కాలంలో ఎవరికి కావాలని మా ఇంట్లోనే అడిగారు. నాకు కావాలి. ఎందుకో చెప్పాలంటే ముందు నా పనేమిటో చెప్పాలి.

మాది పలాసను ఆనుకుని ఉన్న కాశీబుగ్గలో చిన్న జీడి ఫ్యాక్టరీ. ఉద్దానం రైతుల దగ్గర పిక్కలు కొనడం, ఉడకబెట్టించడం, కొట్టించడం, పొట్టు తీయించడం మా ఆయన చూసుకుంటారు. ఆర్డర్లు, బిల్లులు, లారీలు, బ్యాంకు, కూలి లెక్కలు నావి. మా అత్తగారి హయాంలో ఇదంతా చిట్టా పుస్తకంలోనూ ల్యాండ్‌ఫోన్‌లోనూ నడిచేది. ఇప్పుడు మొత్తం వాట్సాప్. నేను రోజంతా రాసేది ఇలా ఉంటుంది: "డబ్ల్యూ240 15 టిన్నులు, డబ్ల్యూ320 40, బద్ద 10, లోడింగ్ రేపు సాయంత్రం." సగం అక్షరాలు, సగం అంకెలు. డబ్ల్యూ240 అంటే ఒక పౌనుకు 220 నుంచి 240 పప్పులు తూగే రకం. డబ్ల్యూ320 అంటే 300 నుంచి 320. పప్పు చిన్నదయ్యేకొద్దీ అంకె పెరుగుతుంది, ధర తగ్గుతుంది. ఆ మెసేజీలో ఒక్క అంకె అటూ ఇటూ అయితే వెళ్లే సరుకే మారిపోతుంది.

తెర మీద టైప్ చేసేవాళ్లకు ఇందులో కష్టం వెంటనే అర్థమవుతుంది. డబ్ల్యూ కొట్టాలి, అంకెల పేజీకి వెళ్లాలి, 240 కొట్టాలి, మళ్లీ అక్షరాల పేజీకి రావాలి. ఒక్క ఆర్డరులో ఈ రాకపోకలు ఎన్నిసార్లో! మధ్యలో ఫోన్ తనకు తోచిన మాట వేసేస్తుంది. ఒక కన్ను తెర మీద, ఇంకో కన్ను కాటా మీద పెట్టి చేసే పని కాదిది.

సంక్రాంతికి మా ఆడపడుచు కొడుకు సింగపూర్ నుంచి వస్తూ, "అత్తా, నువ్వు ఎప్పుడూ అడిగే ఫోన్ మళ్లీ వచ్చింది" అని యూనిహెర్ట్జ్ టైటాన్ 2 తెచ్చి చేతిలో పెట్టాడు. అప్పటి నుంచి ఇదే నా పని ఫోన్. ఇప్పుడు పిక్కల సీజను మొదలైంది. అసలు పరీక్ష దానికి ఇప్పుడే జరుగుతోంది కాబట్టి రాయడానికి ఇదే సమయం అనిపించింది.

కీబోర్డు ఫోన్లు మనకు కొత్త కాదు. 2010లో నోకియా సీ3 వచ్చినప్పుడు పలాసలో కాలేజీ పిల్లల చేతుల్లో అదే కనిపించేది. నేనూ దాని మీదే మెసేజీలు రాయడం నేర్చుకున్నాను. డబ్బున్న వ్యాపారులు బ్లాక్‌బెర్రీ వాడేవారు. 2014లో బ్లాక్‌బెర్రీ పాస్‌పోర్ట్ అని చదరపు తెరతో ఒకటి వచ్చింది, ఇండియాలో ధర 49,990 రూపాయలు. 2018లో బ్లాక్‌బెర్రీ కీ2 వచ్చింది. దాంతో ఆ దారి దాదాపు మూసుకుపోయింది. 2022 జనవరి 4న బ్లాక్‌బెర్రీ తన పాత ఓఎస్ ఫోన్లకు సర్వీసులు కూడా ఆపేసింది. ఆ తర్వాత పెద్ద కంపెనీలేవీ మా వంటివాళ్ల వైపు చూడలేదు. కీబోర్డు అడిగేవాళ్లంటే పాత రోజులు తలుచుకుని మురిసిపోయేవాళ్లని లోకం అనుకుంటుంది. నాకు మాత్రం ఇది పూర్తిగా పనికి సంబంధించిన విషయం.

యూనిహెర్ట్జ్ చైనాలోని చిన్న కంపెనీ. 2019లో కిక్‌స్టార్టర్‌లో జనం దగ్గర ముందుగా డబ్బు తీసుకుని మొదటి టైటాన్ చేసింది. అది 303 గ్రాముల బరువు, 16 మిల్లీమీటర్లకు పైగా మందం. 2025లో వచ్చిన ఈ టైటాన్ 2 బరువు 235 గ్రాములు, మందం 10.8 మిల్లీమీటర్లు. బరువు బాగానే తగ్గించారు. అయినా మామూలు ఫోన్ పక్కన పెడితే ఇది బరువైనదే, వెడల్పు కూడా ఎక్కువ. నాలాంటి చిన్న చేతులవాళ్లు ఒంటి చేత్తో టైప్ చేయడం కుదరని పని. రెండు చేతులతో పట్టుకుని రెండు బొటనవేళ్లతో కొట్టాలి. అలా పట్టుకుంటే మాత్రం చేతుల్లో నిలకడగా కూర్చుంటుంది.

లోపలి సంగతులు త్వరగా చెప్పేస్తాను. 4.5 అంగుళాల చదరపు తెర, 1440 బై 1440. మీడియాటెక్ డైమెన్సిటీ 7300 చిప్, 12 జీబీ ర్యామ్, 512 జీబీ స్టోరేజీ, ఆండ్రాయిడ్ 15, 5050 ఎంఏహెచ్ బ్యాటరీ. పొద్దున చార్జింగ్ తీస్తే రాత్రి లారీ కదిలేదాకా నాకు సరిపోతోంది. వెనక వైపు చిన్న తెర ఇంకొకటి ఉంది. టేబుల్ మీద బోర్లా పెట్టినా టైమెంతో అందులో కనిపిస్తుంది. అది లేకపోయినా నాకు లోటేమీ ఉండేది కాదు.

ఇక అసలు విషయం కీబోర్డు.

ఏ కీ నొక్కినా అది దిగినట్టు వేలికి తెలుస్తుంది. ఆ చిన్న తగులు వల్లే చూపు తిప్పుకోవచ్చు. కాటా దగ్గర నిలబడి బస్తా బరువు చదువుతూ, తెర చూడకుండా రాసి, వాక్యం అయ్యాక ఒక్కసారి సరిచూసుకుంటాను. అంకెలు అక్షరాల కీల మీదే చిన్నగా అచ్చయి ఉంటాయి. ఆల్ట్ నొక్కితే తర్వాతి కీ అంకె అవుతుంది. ఆల్ట్‌ను రెండుసార్లు నొక్కితే మనం వదిలించేదాకా అన్నీ అంకెలే. పేజీ మారదు, అంకెల చోటు మారదు. మొదట్లో ఏ అంకె ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తుంది. వేలికి దారి తెలిశాక ఇక వెతుకులాట ఉండదు.

ఈ తేడా లారీ నంబరు రాసేటప్పుడు బాగా తెలుస్తుంది. మా దగ్గరికి వచ్చే లారీల్లో ఏపీ నంబర్లతో పాటు గంజాం వైపు నుంచి వచ్చే ఓడీ 07 నంబర్లు కూడా ఉంటాయి. రెండు అక్షరాలు, రెండు అంకెలు, మళ్లీ అక్షరాలు, మళ్లీ నాలుగు అంకెలు. సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే ఈ-వే బిల్లులో ఆ నంబరు తప్పు పడితే ఇచ్ఛాపురం దాటకముందే డ్రైవర్ ఫోన్ చేస్తాడు. 50,000 రూపాయలు దాటిన ప్రతి లోడుకూ ఆ బిల్లు కావాలి కాబట్టి మాకు ఇది రోజువారీ తంతు. తెర కీబోర్డుతో అయితే ఆ నంబరును ఒకటికి రెండుసార్లు పైకి చదువుకుంటే గానీ పంపడానికి ధైర్యం చాలేది కాదు. ఇప్పుడు లోడింగ్ దగ్గర నిలబడి, నంబరు ప్లేటు వైపు చూస్తూనే కొట్టేస్తున్నాను. రాత్రి లోడింగ్‌కు కీల కింద లైటు వెలుగుతుంది. గోడౌన్ బయట మా వీధి దీపం ఉన్నా లేనట్టే కనుక ఆ లైటు విలువ నాకు బాగా తెలుసు.

అన్నిటికంటే నాకు నచ్చినది కర్సర్ కదిలించే పద్ధతి. దీని గురించి కొంచెం వివరంగా చెబుతాను.

ఆర్డరు మొత్తం రాసేశాక కోల్‌కతా పార్టీ ఫోన్ చేసి "320 నలభై కాదు, నలభై అయిదు పెట్టండి" అంటాడు. మామూలు ఫోన్‌లో ఏం చేస్తాం? ఆ 40 దగ్గర వేలు పెడతాం. వేలు పెట్టగానే ఆ అంకె వేలి కిందకు పోతుంది. కర్సర్ సున్నాకు ఎడమన పడిందో కుడిన పడిందో కనిపించదు. వేలు తీసి చూస్తే పక్క మాటలో ఉంటుంది. టైటాన్ 2లో కీబోర్డు మొత్తం టచ్‌ప్యాడ్‌లా పనిచేస్తుంది. కీలను నొక్కకుండా, పైన రెండుసార్లు తాకి వేలు పక్కకు జరిపితే కర్సర్ ఒక్కో అక్షరం చొప్పున జరుగుతుంది. వేలు కింద కీల మీద ఉంటుంది కాబట్టి తెర మీద రాత మొత్తం కంటికి కనిపిస్తూనే ఉంటుంది. సున్నా పక్కన ఆపి, చెరిపి, 5 కొట్టి పంపేస్తాను. చాలా చిన్న పని. కానీ రోజులో ఎన్నోసార్లు చేసే చిన్న పని. ఒక ఫోన్ బాగుందా లేదా అనేది ఇలాంటి పనుల దగ్గరే తేలుతుందని నా నమ్మకం. కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. రాసింది దిద్దుకోవడం ఎంత సులువో చెప్పేవాళ్లు కనబడరు.

ఈ టచ్ కీబోర్డు యూనిహెర్ట్జ్ కనిపెట్టినది కాదు. బ్లాక్‌బెర్రీ పాస్‌పోర్ట్‌లోనే ఉండేది, ఆ తర్వాత వచ్చిన కొన్నిటిలోనూ కొనసాగింది. మంచి పద్ధతి మరుగున పడకుండా ఇప్పటి ఆండ్రాయిడ్‌కు తీసుకొచ్చినందుకు ఈ కంపెనీని మెచ్చుకోవాలి.

అదే కీబోర్డు మీద వేలు పైకీ కిందకీ జరిపితే పేజీ కదులుతుంది. మా వ్యాపారుల గ్రూపులో పొద్దున ధరల పట్టీలు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. తెర మీద వేలు ఆడిస్తే చదవాల్సిన ధరే వేలి వెనక దాక్కుంటుంది. కీల మీద జరిపితే తెర ఖాళీగా ఉంటుంది, చదువుతూ పోవచ్చు. ఇది నచ్చనివాళ్లు సెట్టింగుల్లో ఆపేసుకోవచ్చు. మా అబ్బాయి గేమ్ ఆడతానని తీసుకున్నప్పుడు అదే చేశాడు. తిరిగి ఆన్ చేయకుండా ఇచ్చినందుకు వాడికి చీవాట్లు కూడా పడ్డాయి.

షార్ట్‌కట్‌ల సంగతి. హోమ్ స్క్రీన్‌లో ఉన్నప్పుడు ఒక్కో అక్షరం కీకి ఒక్కో పని అప్పగించుకోవచ్చు. మామూలుగా నొక్కితే ఒకటి, కాసేపు పట్టుకుని నొక్కితే ఇంకొకటి. నేను పెట్టుకున్నవి: ఎల్ పట్టుకుంటే లారీ ఆఫీసుకు కాల్, సీ నొక్కితే క్యాలిక్యులేటర్, బీ నొక్కితే బ్యాంకు యాప్, ఎం పట్టుకుంటే మా ఆయన. పిక్కలు తెచ్చిన రైతు ఎదురుగా కూర్చున్నప్పుడు క్యాలిక్యులేటర్ తక్షణం రావాలి. మాకు పిక్కల లెక్క 80 కిలోల బస్తా మీద నడుస్తుంది. తేమ ఎంత, తాలు ఎంత, చివరికి కిలోకు ఎంత పడింది అన్నది ఆ రైతు కళ్లముందే లెక్కగట్టి చూపించాలి. ఫోన్‌లో యాప్ వెతుకుతూ కూర్చుంటే ఎదుటి మనిషికి ఏదో తిరకాసు చేస్తున్నామనే అనుమానం వస్తుంది. ఒక కీ నొక్కి, తెర అతని వైపు తిప్పి, అంకెలు అతను చూస్తుండగా కొడితే ఆ అనుమానానికి తావుండదు. ఫోన్ పక్కన కూడా మనకు నచ్చిన పని పెట్టుకునే బటన్ ఉంది. దానికి టార్చి పెట్టాను.

ఇక్కడ మా ఫ్యాక్టరీలో జరిగిన ఒక విషయం రాయాలి. జీడి పిక్కలు కొట్టేవాళ్ల చేతులు ఎలా ఉంటాయో పలాసవాళ్లకు చెప్పక్కర్లేదు. తొక్కలోని జీడి అంటితే చర్మం కాలుతుంది. నూనె, బూడిద రాసుకుని కొట్టినా ఏళ్లు గడిచేసరికి వేళ్ల కొసలు మొద్దుబారిపోతాయి, ముద్రలు అరిగిపోతాయి. రేషన్ దగ్గర వేలిముద్ర పడక ఎంతమంది తిరిగి వస్తారో నాకు తెలుసు. అలాంటి చేతులతో తెర ఫోన్ వాడటం వాళ్లకు పెద్ద బాధ. ఒకటి తాకితే ఇంకొకటి తెరుచుకుంటుంది, కొన్నిసార్లు అసలేమీ తెరుచుకోదు.

మా దగ్గర ఎప్పటినుంచో పనిచేస్తున్న పెద్దావిడ నా చేతిలో ఇది చూసి, "ఏటమ్మా, మళ్లీ బొత్తాల ఫోనుకొచ్చేసేరేటి?" అంది. "నొక్కి చూడు పిన్నీ" అని చేతికిచ్చాను. మనవరాలి పేరు ఇంగ్లీషు అక్షరాల్లో రాయడం ఆ పాప దగ్గరే నేర్చుకుందట. ఒక్కో కీ వెతుక్కుని, గట్టిగా నొక్కి, ఒక్కో అక్షరం తెర మీద పడుతుంటే చూసుకుంటూ పేరు మొత్తం రాసింది. ఒక్క అక్షరం తప్పు పడలేదు. "నా ఫోన్లో ఇలగ పడదమ్మా" అంది. నొక్కితే దిగే కీకి వేలు మెత్తగా ఉందా మొద్దుగా ఉందా, జిడ్డుందా తడుందా అనే తేడా లేదు. దేశంలో చేతులతో కష్టపడేవాళ్లు ఇంతమంది ఉండగా, ఫోన్లు చేసేవాళ్లందరూ ఒకే రకం వేలిని మనసులో పెట్టుకుని గాజు పలక చేసి అమ్ముతున్నారు. నాకు కోపం వచ్చే విషయం ఇది. ఈ ఫోన్ ఆవిడ కొనగలిగే ధరలో లేదు. ఇలాంటి కీబోర్డుతో పది వేల లోపు ఫోన్ ఒకటి ఎవరైనా తెస్తే మా వీధిలోనే కొనేవాళ్లుంటారు.

తెర చదరం కావడం వల్ల లాభమూ ఉంది, నష్టమూ ఉంది. నాకు లాభమే ఎక్కువ. ఎక్సెల్ షీటు తెరిస్తే తేదీ, పార్టీ పేరు, రకం, టిన్నులు, ధర, బాకీ అన్నీ పక్కపక్కనే ఒకే చూపులో కనిపిస్తాయి. పొడుగు ఫోన్‌లో బాకీ చూడాలంటే పక్కకు జరపాలి, జరిపితే పార్టీ పేరు కనిపించకుండా పోతుంది. ఈ-వే బిల్లు సైటు కూడా ఇందులో వెడల్పుగా తెరుచుకుంటుంది. పైగా టైప్ చేసేటప్పుడు తెర కీబోర్డు పైకి లేచి సగం పేజీ కప్పేయడం ఉండదు. పాత ఆర్డరు పైన చూసుకుంటూ కొత్తది కింద రాసుకోవచ్చు.

నష్టం ఎక్కడంటే, యాప్‌లన్నీ పొడుగు ఫోన్ల కోసం చేసినవి. చదరపు తెరలో కొన్నిటి అడుగు బటన్ కనిపించాలంటే పేజీ కిందకు జరపాలి. అలాంటి యాప్‌ను అటూ ఇటూ నల్లగా వదిలి, మధ్యలో పొడుగ్గా చూపించే ఏర్పాటు ఫోన్‌లోనే ఉంది. బ్యాంకు యాప్‌కు నేను అదే వాడతాను. అక్షరాలు చిన్నవవుతాయి, నలభై దాటిన కళ్లకు అద్దాలు కావాలి. సినిమా చూస్తే పైనా కిందా నల్ల పట్టీలు వచ్చి బొమ్మ సన్నగా కనిపిస్తుంది. నిలువు వీడియోలు కూడా చిన్నవైపోతాయి. వీడియోలే ముఖ్యమైతే ఈ ఫోన్ జోలికి వెళ్లొద్దు. యూపీఐ పిన్ నేను తెర మీదే కొడతాను, అది అలవాటుగా వచ్చేసింది.

ఇప్పుడు తెలుగు. చాలామంది సమీక్షల్లో రాయని విషయం, నేను ఊరుకోలేని విషయం ఇదే.

పార్టీలకు ఆర్డర్లు ఇంగ్లీషు అక్షరాల్లో వెళ్తాయి. రైతులకూ మా పనివాళ్లకూ తెలుగులో రాయాలి. "రేపు పిక్కల కాటా ఉదయం 7 గంటలకు", "ఈ వారం కూలి శనివారం ఇస్తాం" అని గ్రూపులో పెడితే ఇంట్లో పిల్లలు చదివి వినిపిస్తారు. కాబట్టి తెలుగు నాకు సరదా కోసం కాదు, పనిలో భాగం. ఈ ఫోన్ కీబోర్డు మీద తెలుగు అక్షరాలు లేవు. అది ఊహించినదే. నేను వాడే తెలుగు కీబోర్డు యాప్‌లో ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగు వచ్చే సౌకర్యం ఉంది. కానీ తెర మీద కొడితేనే అది పనిచేస్తుంది. కీల మీద కొట్టింది అలాగే ఇంగ్లీషులో పడిపోతోంది. సెట్టింగుల్లో ఫిజికల్ కీబోర్డు అనే చోట, కీబోర్డు ఉన్నా తెర మీది కీబోర్డు కూడా చూపించమని పెట్టుకోవచ్చు. అలా పెట్టి తెర మీద తెలుగు కొడుతున్నాను. చదరపు తెరలో సగం ఆ కీబోర్డే ఆక్రమిస్తుంది, మిగిలిన సగంలో రెండు మూడు మెసేజీలు కనిపిస్తాయి. కింద అంత చక్కటి కీలు ఖాళీగా ఉండగా పైన గాజు మీద కొట్టాల్సి రావడం నాకు మింగుడుపడని సంగతి. నోటితో చెప్పి రాయించొచ్చు కదా అంటారు. ఫ్యాక్టరీలో బాయిలర్, పొట్టు తీసే మిషన్ హోరు మధ్య ఒకసారి చెప్పి చూడమనండి.

డిగ్రీ రోజుల్లో కంప్యూటర్ సెంటర్లో ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకున్నాను. అది భారతీయ భాషలన్నిటికీ ఒకే పద్ధతిలో ప్రభుత్వం ప్రమాణంగా పెట్టిన కీబోర్డు. అచ్చుల గుర్తులు ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి వస్తాయి. ఆఫీసు కంప్యూటర్ మీద ఇప్పటికీ చూడకుండా కొడతాను. అదే ఈ ఫోన్‌కు పెట్టుకుందామనుకుంటే అడ్డం ఎక్కడ వస్తుందో చూడండి. ఇన్‌స్క్రిప్ట్‌కు 26 అక్షరాల కీలు చాలవు. కామాలు, బ్రాకెట్లు ఉండే పక్క కీలు కూడా అది వాడుకుంటుంది. 'చ' సెమీకోలన్ కీ మీద ఉంటుంది. 'ట' కొటేషన్ కీ మీద, 'డ' స్క్వేర్ బ్రాకెట్ మీద, 'య' స్లాష్ మీద. ఫోన్ కీబోర్డులో ఆ కీలు విడిగా ఉండవు. అంటే టిన్ను, డబ్బా, చెక్కు, బయానా... నా వ్యాపారంలో రోజూ రాసే మాటల్లో ఒక్కటీ సరిగా పూర్తి కాదు.

దీనికి దారి లేకపోలేదు. ఆ నాలుగైదు అక్షరాలనూ గుర్తుల కోసం ఉండే సిమ్ (Sym) అనే కీతో కలిపి పెట్టవచ్చు. లేదా ఏదైనా అక్షరం కీని కాసేపు పట్టుకుంటే వచ్చేలా చేయవచ్చు. అంకెలకు అదే పద్ధతి ఉంది కదా. ఖ, ఘ లాంటి ఒత్తు పలికే హల్లులు, విడి అచ్చులు షిఫ్ట్‌తో ఎలాగూ వస్తాయి. ఇది కంపెనీ చేస్తుందని ఎదురుచూడటం కంటే మన తెలుగు కుర్రాళ్లెవరైనా కీబోర్డు యాప్ రాస్తే త్వరగా తేలుతుంది. రాసేవాళ్లుంటే నేను రోజూ వాడి, ఎక్కడ ఇబ్బందో చెప్పడానికి సిద్ధం. ఏ కీ మీద ఏ అక్షరం ఉంటే బొటనవేలికి సులువో కాగితం మీద ఇప్పటికే గీసి పెట్టుకున్నాను. 'ట'ను 'త' ఉన్న ఎల్ కీ మీద, 'డ'ను 'ద' ఉన్న ఓ కీ మీద, 'చ'ను 'జ' ఉన్న పీ కీ మీద పెడితే గుర్తుపెట్టుకోవడానికి తేలిక. తెలిసిన అక్షరానికి దగ్గరి అక్షరమే దాని కింద దొరుకుతుంది. 'య'కు మాత్రం ఇంకా మంచి చోటు తోచలేదు.

కొనడం గురించి. కంపెనీ చెప్పే మామూలు ధర 399 డాలర్లు, మన డబ్బుల్లో 35 వేలకు తక్కువ కాదు. ఇండియాలో నేరుగా అమ్మడం లేదు. బయటి నుంచి తెప్పించుకుంటే కస్టమ్స్ సుంకం వేరు. పాడైతే బాగు చేయించుకోవడానికి దగ్గర్లో కంపెనీ సెంటర్ లేదు. ఈ ఒక్క కారణంతో మా ఆయన ఇప్పటికీ ఒప్పుకోరు. "సీజను మధ్యలో పోతే ఏం చేస్తావు?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. అందుకే పాత ఫోన్ అమ్మలేదు. వాట్సాప్ బ్యాకప్ రోజూ రాత్రి తీసుకుంటున్నాను, లెక్కల షీట్లు గూగుల్ డ్రైవ్‌లో ఉంచుతున్నాను. మా దగ్గర రెండు సిమ్‌లూ ఇందులో బాగానే పనిచేస్తున్నాయి. మీరు తెప్పించుకునే ముందు మీ సిమ్ కంపెనీ నెట్‌వర్క్ బ్యాండ్లు దీనికి సరిపోతాయో లేదో ఒకసారి చూసుకోండి.

కీల మధ్య సందుల్లో దుమ్ము చేరుతుంది. మా దగ్గరైతే పొట్టు చేరుతుంది, మెత్తగా, ఎర్రగా. పెయింటు వేసే చిన్న బ్రష్షు ఒకటి టేబుల్ సొరుగులో పెట్టుకుని సాయంత్రం దులుపుతున్నాను. తడి గుడ్డ పెట్టను. రవాణాలో పనిచేసేవాళ్లు, మందుల షాపులవాళ్లు, విలేకరులు, బిల్లులు రాసే గుమస్తాలు, ఎవరి పని రాత మీద ఆధారపడి ఉందో వాళ్లు ఒకసారి ఎవరి దగ్గరైనా చేతిలోకి తీసుకుని పది లైన్లు కొట్టి చూడండి. బొటనవేళ్లకు కుదిరితే కొనుక్కోండి. కొంటే గాజు గార్డు, కవరు ఫోన్‌తో పాటే తెప్పించుకోండి. ఈ చదరపు సైజు పలాసలో దొరకలేదు. శ్రీకాకుళంలో ఒక షాపులో అడిగితే పొడుగు గార్డును కోసి అంటిస్తానన్నాడు, వద్దని వచ్చేశాను.